గుమ్మం బయట పసుపు మాత్ర

మా నాన్నమ్మ దాలమ్మకు నోట్లో మిగిలినవి రెండే పళ్ళు, రెండూ నన్ను కరవడానికే. కళింగపట్నంలో ఎండుచేపల మీద వాలే కాకులకు కూడా ఆవిడ తిట్లు కంఠతా వచ్చు. ఏడో తరగతి దాటని నన్ను ‘కలెక్టరమ్మా’ అని పిలిచేది.

హుద్‌హుద్ తుపాను వెళ్ళిన మరుసటి ఏడు మా అన్న భార్య రేఖకు మొదటి బిడ్డ వెన్ను మూసుకోకుండా పుట్టి, పాలు తాగకుండానే పోయింది. సరుగుడు తోట అవతల ఇసుకలో పాతిపెట్టారు. ఈసారి కడుపు నిలవక ముందు నుంచే రోజూ ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవాలని, నిలిచాక కూడా మానకూడదని శ్రీకాకుళంలో డాక్టరమ్మ చెప్పింది. బిడ్డ వెన్ను మొదటి నెలలోనే, తల్లికి సంగతి తెలిసేలోపే మూసుకోవాలట. మాత్రతో ముప్పు బాగా తగ్గుతుంది గానీ అసలే ఉండదని మాటివ్వలేనంది.

వదిన మరిచిపోతుందని మాత్రలు నాన్నమ్మ తన దగ్గరే పెట్టుకుంది. రోజు మార్చి రోజు ఇచ్చేది. డాక్టరమ్మ అంతే చెప్పిందని దబాయించేది.

ఒక సాయంత్రం వెనక గుమ్మం బయట ఆకు కనిపించింది. అందులో అన్నం, ఎండుచేప, పక్కన వదిన వేసుకోవాల్సిన పసుపు మాత్ర. తెల్లారి చూస్తే అన్నం, చేప అలాగే ఉన్నాయి. మాత్ర లేదు. ఇసుకలో సన్నటి గీతలు, చిన్న వేళ్ళతో గీసినట్టు.

ఎండ్రకాయ పని అన్నాను.

“ఎండుసేప ఒగ్గీసి మందుబిళ్ళ తింటాదేటే ఎండ్రకాయ?” అంది నాన్నమ్మ. “ఆ పసిది ఆకలితో పోనాది. మందడుగుతన్నాది. ఎట్టకపోతే మీ వదిన కడుపులోకి మళ్ళీ అదే వస్తాది.”

భయమేసినా నా నోరు ఊరుకోదు.

“పోయినదానికి ఇప్పుడు ఎన్ను మూసుకోడమెందుకే ముసలీ? రాబోయేదాని మందు కూడా దీనికే ఎట్టీసినావంటే, రేపు ఆకు కాడికి ఇద్దరొస్తారు.”

నాన్నమ్మ తిట్టలేదు. అందుకే ఇంకా భయమేసింది. లేచి వదినను పిలిచి, మాత్ర తన చేత్తో నోట్లో వేసి, మింగేదాకా గొంతు వైపే చూస్తూ నిలబడింది. ఆ తర్వాత ఒక్కరోజూ తప్పనివ్వలేదు. ఆకులో అన్నం మాత్రం పెడుతూనే ఉంది. దాన్ని కాకులు కూడా ముట్టలేదు.

వదినకు కడుపు నిలిచి, ఆడపిల్ల పుట్టింది. ఇంటికి తెచ్చిన రోజు నాన్నమ్మ దాన్ని ఒళ్ళో బోర్లా వేసుకుని, మెడ నుంచి నడుము దాకా వేలితో మెల్లగా తడిమింది. ఎక్కడా సందు లేదు. పొద్దుగుంకాక ఆకు పెట్టి, సరుగుడు తోట వైపు చూస్తూ అంది.

“నీ సెల్లొచ్చీసినాది. తినీసి తొంగో.”

తెల్లారి ఆకు నాకినట్టు ఖాళీగా ఉంది. ఎండ్రకాయే అందామనుకున్నాను. అనకుండానే ఆకు మడిచి తీసేశాను.