కుర్చీ పక్కన మూల

రోజూ తెనాలి నుంచి రైల్లో వచ్చి, రేపల్లెలో రైసుమిల్లు వెనకున్న అద్దె గదిలో మాకు ఇంగ్లీషు ట్యూషన్ చెప్పిన మేడమ్ గుర్తొస్తే ఇప్పటికీ నా అరచేతులకు చెమటలు పడతాయి.

ఆవిడ ఒక మాట చెప్పగానే మేం పరుగెత్తి ఒక మూలలో నిలబడాలి. నౌన్ అయితే తలుపు దగ్గర, వెర్బ్ అయితే కిటికీ దగ్గర, ఎడ్జెక్టివ్ అయితే ఆవిడ కుర్చీ పక్కన. ఆవిడ ఎవర్నీ కొట్టలేదు. కానీ మేం కదిలేదాకా చెక్క స్కేలుతో కుర్చీ చేతిమీద టకటకలాడించేవారు. ఆ చప్పుడు పక్కకు ఎవరు పోతారు? 'హ్యాపీ' ఎడ్జెక్టివ్ అని మా తొమ్మిదిమందికీ తెలుసు. అయినా అందరం కిటికీ దగ్గరికే పోయేవాళ్లం. మాకు అర్థం కాలేదనుకుని ఆవిడ నెలంతా అదే పాఠం చెప్పారు.

ఒకరోజు స్కేలు ఆగింది.

"ఏంటమ్మా, ఇంత చెప్పినా రావట్లేదా?" అని నన్నే అడిగారు.

"వచ్చు మేడమ్. మీ పక్కన నిలబడాలంటేనే భయమండి," అనేశాను.

నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ స్కేలు తీసి సంచిలో పెట్టేసుకున్నారు.

మర్నాడు కుర్చీ వరండాలో, ఎండలో ఉంది. ఆవిడ చేతిలో స్కేలు లేదు. బయటినుంచే "హ్యాపీ" అన్నారు. తొమ్మిదిమందిమీ ఒక్క పరుగున పోయి కుర్చీ లేని ఆ ఖాళీ మూలలో ఇరుక్కుని నిలబడ్డాం. తలుపులోంచి మమ్మల్ని చాలాసేపు చూశారు.

"కరెక్టే," అని కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

ఆ కళ్లు చూసి భయపడినంతగా స్కేలు చప్పుడుకు కూడా నేను భయపడలేదు.