పట్టు దారిలో ధర్మవరం అవ్వ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళకు అందరికీ ఈ జబ్బు కాస్తో కూస్తో ఉంటుంది గానీ, నాది బాగా ముదిరిన కేసు. (ఆ రోజులంటే మరీ రాతియుగం కాదులెండి. అందరి జేబుల్లోనూ స్మార్ట్‌ఫోన్లు ఉన్న రోజులే. సందేహం వస్తే చూసుకోవచ్చు. నాకు సందేహం వచ్చేది కాదు, అదీ చిక్కు.) మాది హిందూపురం. నాయన లేపాక్షికి ఆటో తోలేవాడు. సెలవుల్లో నేనూ ఆయన పక్కన సీటు అంచున వేలాడుతూ వెళ్ళి, గుడి చూడటానికి వచ్చినవాళ్ళకు అక్కడి వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి చూపించి, ఆ పూట నోటికొచ్చిన కథ చెప్పేవాణ్ణి. ఆ తువ్వాలు అనుభవంతోనే బెంగుళూరులో ఒక టూర్ల ఆఫీసులో గైడుగా చేరాను. పెనుకొండలో ఉండే మా మేనమామకు ఇది బొత్తిగా నచ్చలేదు. "ఊర్లు తిరిగేది గూడా ఒక పనేనా? ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో స్టోర్సుకు చెప్పిపెట్టినా. ఒక్క ట్రిప్పు పోయి మోజు తీర్చుకోని రా" అన్నాడు. మా ఆఫీసు బాసు ఆ మాటనే ఇంకోలా చెప్పాడు. మొదటి టూరు మీద ఒక్క కంప్లయింటు వచ్చినా, విమానాశ్రయం నుంచి నేరుగా హిందూపురం బస్సు ఎక్కేయమన్నాడు.

ఆ మొదటి టూరు పేరు 'పట్టు దారిలో పది రోజులు'. పాతకాలపు సిల్క్ రోడ్డన్నమాట. కిర్గిజ్‌స్తాన్ కొండల్లోని సరస్సులు, గుర్రాలు, గొర్రెలు మేపుకుంటూ గుడారాల్లో బతికే సంచార జాతుల సంస్కృతి, అన్నీ చూపించాలి. నేనప్పటికి చూసిన సంచార జాతి మా నాయన ఒక్కడే. బండి నిండా ధర్మవరం వాళ్ళు. చీరల షాపూ, నాలుగు మగ్గాలూ ఉన్న ఒక పెద్దమనిషి తన భార్యనూ, ముసలి తల్లినీ (ఆమెను అందరం అవ్వ అనేవాళ్ళం), బంధువులనూ వెంటేసుకుని వచ్చాడు. ఆయన్ను నేను మనసులో చీరలాయన అనుకునేవాణ్ణి. వాళ్ళకు తోడు పెనుకొండ నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆయన ఏది చూపించినా పెనుకొండ కోటతో పోల్చి మార్కులు తగ్గించేవాడు గనక ఆయన కోట సారు. మగ్గాలవాళ్ళు ఏకంగా కిర్గిజ్‌స్తాన్ ఎందుకు బయల్దేరారన్నది నాకు విమానాశ్రయంలోనే తెలిసింది. "ఏమప్పా, పట్టు దారి అని రాసినారు గదా మీ కాగితంలో. ముందు పట్టు యాడ నేస్తారో ఆడికి తీసకపో" అన్నాడు చీరలాయన. ఆయన పెట్టెలో మూడు కొత్త చీరలు కూడా ఉన్నాయట, నచ్చితే వ్యాపారం మాట్లాడుకోవడానికి. ఆ దారిలో పట్టు మోసుకుపోయింది ఎప్పుడో వందల ఏళ్ళ కిందట అని చెప్పాల్సింది పోయి, "ముందుందన్నా" అన్నాను.

ముందు ఉన్నదంతా ఉన్నే. సంతలో ఉన్ని టోపీలు, ఉన్ని చెప్పులు, ఉన్ని తివాచీలు. ప్రతి చోటా ఆయన వేళ్ళ మధ్య ఒక పోగు నలిపి చూసి, "ఇది పట్టు కాదు గదప్పా" అనేవాడు. ఇస్సిక్ కుల్ అనే పెద్ద సరస్సు దగ్గర, అవతలి ఒడ్డున మంచుకొండలు నీళ్ళలోకి వంగి చూస్తున్నట్టు ఉంటే, నేను చెప్పాల్సిన కథ మర్చిపోయి చూస్తూ నిలబడ్డాను. చీరలాయన నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసి, వానలు బాగా పడితే మా ధర్మవరం చెరువు గూడా ఇంతే ఉంటాదన్నాడు. "కోట లేని నీళ్ళకు అందం యాడిది?" అన్నాడు కోట సారు. అవ్వ మాత్రం చెంగుతో మొహం తుడుచుకుని, ఇన్ని నీళ్ళు పెట్టుకోని వీళ్ళు వరి ఎందుకు పెట్టలేదని నన్నడిగింది. నేను తెలిసినట్టే తలూపాను. నాలుగో రోజుకు చీరలాయన ఓపిక అయిపోయింది. "రేపటికి పట్టు చూపించకపోతే మీ ఆఫీసుకు ఫోన్ చేస్తా. నీ మీద నాకేం కోపం లేదు, కంప్లయింటు మాత్రం ఇస్తా" అన్నాడు. ఎర్రమంచి స్టోర్సులో రెంచీలు లెక్కపెడుతూ కూర్చున్న నేను నా కళ్ళకే కనబడ్డాను.

మర్నాడు ఎక్కింది సోన్ కుల్ అనే ఎత్తైన సరస్సుకు. చెట్టన్నది లేదు, కంటికి అందినంత మేర గడ్డి, గుర్రాలు, నడుమ నీలంగా నీళ్ళు. ఒడ్డున కర్రల చట్రం మీద మందపాటి ఉన్ని కప్పి, తాళ్ళతో బిగించిన గుండ్రటి గుడారాలు. వాటిని యుర్తాలంటారు. ఆ రాత్రికి మా బస ఒక ముసలామె యుర్తాలో. దిగకముందే వ్యాన్‌లో లేచి నిలబడి నేను నియమాలు చదివాను. గడప తొక్కకూడదు, రొట్టె బోర్లా పెట్టకూడదు, ఏది పెట్టినా వద్దనకూడదు. అవ్వ నా వైపు జాలిగా చూసింది. "గడప తొక్కగూడదని మాకు చెప్తాండావా అబ్బయా? మీ ఇంట్లో తొక్కుతారా యేమి?" వ్యాన్ అంతా నవ్వింది. లోపల పొయ్యిలో పేడ పిడకలు కాలుతుంటే చూసి అవ్వ మొహం విప్పారింది. "పిడకలు ఉండాయి. మనట్లాంటోళ్ళే" అని అక్కడి నుంచి బంధువుల ఇంట్లో దిగినట్టు కాళ్ళు చాపుకుని కూర్చుంది.

చిక్కు పాలతో వచ్చింది. వచ్చినవాళ్ళకు వాళ్ళు పులియబెట్టిన గుర్రప్పాలు పోస్తారు. అదే మర్యాద, వద్దంటే అవమానం. ముసలామె గిన్నెలు నింపింది. మావాళ్ళు గిన్నెల్లోకి చూశారు, తర్వాత నా వైపు చూశారు. "గైడు గదా, మా అందరి తరఫునా నువ్వే తాగప్పా" అంది అవ్వ. నియమాలు చదివింది నేనే గనక దారి లేదు. ముసలామె అటు తిరిగినప్పుడల్లా ఒక నిండు గిన్నె నా ముందుకొచ్చేది, ఖాళీ గిన్నె వెనక్కి పోయేది. ఖాళీ గిన్నె చూసి ముసలామె సంతోషపడి మళ్ళీ నింపేది. పుల్లటి మజ్జిగలో పొగ కలిపి, దాన్ని గుర్రం మీద నాలుగు మైళ్ళు ఊరేగిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. (అందులో కొంచెం మత్తు కూడా ఉంటుందని నా కాగితంలో రాయలేదు.) మర్నాడు తెల్లారేసరికి నా కడుపు స్వతంత్రం ప్రకటించుకుంది. గుట్ట అవతల చెక్కలతో కట్టిన మరుగుదొడ్డిలోంచి నేను చాలాసేపు బయటికి రాలేకపోయాను.

వచ్చి చూస్తే కొంప మునిగి ఉంది. ఆ రోజు శుక్రవారం. అవ్వ పొద్దున్నే లేచి, సంచిలోంచి బియ్యప్పిండి తీసి యుర్తా ముందర గడ్డి నలిగిన చోట ముగ్గేసి, చెక్క గడపకు నిండా పసుపు రాసి, వరసగా కుంకుమ బొట్లు పెట్టింది. ధర్మవరంలో ఎలా చేస్తుందో అలాగే, ఎవర్నీ అడక్కుండా. ముసలామె పాలు పితికి తిరిగొచ్చి ఆ ఎర్రటి మరకలు చూసింది. మాతో ఉన్న కిర్గిజ్ గైడు అమ్మాయి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "గడపకు రక్తం పూశారంటోంది. ఇంటి మీద ఏదో చేశారంటోంది. అందర్నీ ఇప్పుడే ఖాళీ చేయమంటోంది" అని నా చెవిలో చెప్పింది. చీరలాయన అప్పటికే ఫోన్ పైకెత్తి పట్టుకుని సిగ్నల్ కోసం గుట్ట ఎక్కుతున్నాడు. "పట్టు లేకపోతే పాయె, మా అమ్మను తిట్టిస్తావా?" అని పైనుంచే అరిచాడు. నా ఉద్యోగం ఆ గుట్ట మీదికి ఒక్కో అడుగూ ఎక్కిపోవడం నేను స్పష్టంగా చూశాను. ఏదో ఒకటి చేయాలి గనక మోకాళ్ళ మీద కూలబడి, ఆఫీసువాళ్ళిచ్చిన టోపీతో గడప తుడవడం మొదలుపెట్టాను. కుంకుమ పోలేదు సరిగదా, పసుపుతో కలిసి గడపంతా ఎర్రగా అలుక్కుంది. "శుక్రారం పొద్దున గడప తుడుస్తాండావే, నీకు బుద్ధుండాదా?" అని ఈ పక్కనుంచి అవ్వ. ఆ పక్కనుంచి ఆ ముసలామె. భాష వేరైనా ఇద్దరూ నన్ను తిట్టిన తిట్టు ఒకటేననిపించింది.

ముసలామె లోపలికి పోయి ఒక ఇనప మూకుడు తెచ్చింది. అందులో ఎండిన కొమ్మలేవో దట్టంగా పొగలేస్తున్నాయి. ఇంటికి పట్టిన చెడు పోవడానికి ఆ పొగ వేస్తారని గైడు అమ్మాయి చెప్పింది. ఆ చెడు ఎవరో విడిగా చెప్పలేదు. మూకుడు నేరుగా అవ్వ వైపు వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అవ్వ కొప్పు విప్పి, తల ముందుకు వంచి, పొగను రెండు చేతులా జుట్టులోకి తోసుకుంటోంది. "సాంబ్రాణి వేస్తాండాది సూడండ్రా. శుక్రారం మన మాదిరే చేస్తాండాది. కోడలా, నువ్వూ రా, తలకు పట్టించుకో" అంది. కోడలు వంగింది. బంధువులు వరస కట్టారు. దోమలకు మంచిదని కోట సారు కూడా వచ్చాడు. సిగ్నల్ దొరక్క దిగొచ్చిన చీరలాయన, తల్లి ఆ పొగను కళ్ళకద్దుకోవడం చూసి బూట్లు విప్పి వరసలో నిలబడ్డాడు. తరిమేయడానికి వేసిన పొగలోకి ఇంత భక్తిగా ఎగబడే జనాన్ని ముసలామె జన్మలో చూసి ఉండదు. అవ్వ బొడ్లో సంచి విప్పి, హారతి పళ్ళెంలో వేసినట్టు ఒక రూపాయి బిళ్ళ ఆ మూకుడులో వేసి దండం పెట్టింది. ముసలామె బిళ్ళను చూసింది, అవ్వను చూసింది, పళ్ళు లేని నోటితో విరగబడి నవ్వింది. అప్పుడు గైడు అమ్మాయికి నేను ఇంగ్లీషులో చెప్పాను, మా ఊళ్ళో ఇంటికి మంచి జరగాలని గడపకు ఇలా పూస్తామని. ఆ టూరు మొత్తంలో నేను సరిగ్గా చెప్పిన విషయం అదొక్కటే.

బయల్దేరేటప్పుడు ఆ ముసలామె అవ్వ భుజానికి ఒక ఉన్ని శాలువా కప్పింది. అవ్వ కొడుకు వైపు తిరిగింది. "ఆడమనిషి ఇంటినుంచి ఊరికే ఎట్ల పోతాం? చీర తియ్యి." వ్యాపారం కోసం తెచ్చినవి గదమ్మా అని చీరలాయన నసిగాడు. "వారం నుంచి పట్టు యాడ, పట్టు యాడ అని ఆ పిల్లోని పానం తీస్తాండావు. నీ పెట్టెలో ఉండాది గదా" అంది అవ్వ. చీరలాయన పెట్టె తీశాడు. మెరూన్ రంగు చీర, చిలకపచ్చ అంచు. తలకు కట్టుకునే గుడ్డ అనుకుని ముసలామె మడత విప్పింది, అది అయిపోలేదు. ఇంకా విప్పింది. మనవరాలు ఒక కొస పట్టుకుని పరుగెత్తింది. ఆ ఎండలో చీర యుర్తాలోంచి గడప దాటి, ముగ్గు దాటి, గడ్డి మీదుగా సరస్సు వైపు సాగింది. ఆ పూట కోట సారు పెనుకొండ ఊసెత్తలేదు.

కనుమ దిగాక సిగ్నల్ వచ్చింది. చీరలాయన స్పీకర్ పెట్టి మా బాసుకు ఫోన్ చేశాడు. నేను ముందు సీట్లో హిందూపురం బస్సు టైములు గుర్తుచేసుకుంటూ కూర్చున్నాను. "మీ పిల్లోనికి ఏం తెల్దు సార్" అన్నాడు సగం కన్నడంలో, సగం తెలుగులో. "తాగేది మాత్రం బాగా తాగినాడు. అయినా పట్టు దారిలో పట్టు చూసినాం. పిల్లోణ్ణి ఉంచుకోండి." ఉంచుకున్నారు. ఆ తాగింది గుర్రప్పాలని బాసును నమ్మించడానికి మాత్రం నా తాతలు దిగొచ్చారు. ఎర్రమంచి ఉద్యోగం ఇంకెవరికో పోయింది. మామ కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు, తర్వాత కిర్గిజ్ టోపీ ఒకటి తెమ్మన్నాడు.

మొన్న ఎండాకాలం మళ్ళీ ఒక గుంపుతో అదే యుర్తాకు వెళ్ళాను. ఈసారి అంతా బెంగుళూరు కంప్యూటర్లవాళ్ళు. మొదట దిగినవాడు ఫోన్ చూసుకుంటూ నేరుగా గడప మీద కాలేశాడు. "గడప తొక్కుతావా అబ్బయా, నీకు ఇంట్లో ఎవురూ చెప్పలేదా?" అని నా నోటినుంచి వచ్చిన గొంతు విని నేనే వెనక్కి తిరిగి చూసుకున్నాను, అవ్వ ఎక్కడైనా ఉందేమోనని. (ఆమె ధర్మవరంలో నిక్షేపంగా ఉంది. ఫోన్ చేస్తే ముందు అడిగేది ఆ ముసలామె బాగుండాదా అనే.) లోపల పరుపుల దొంతర మీద మెరూన్ రంగు పట్టు కప్పి ఉంది, చిలకపచ్చ అంచు పొగకు కాస్త నల్లబడింది. ఇది ఏ కాలపు కిర్గిజ్ నేత అని ఒకమ్మాయి అడిగింది. ఇరవై మూడేళ్ళప్పుడైతే తడుముకోకుండా ఏదో ఒక శతాబ్దం చెప్పేసేవాణ్ణి. ఇప్పుడు తెలిసి కూడా వెంటనే చెప్పకుండా, వంగి ఆ అంచును వేళ్ళ మధ్య నలిపి చూశాను. ఈలోగా ముసలామె నన్ను గుర్తుపట్టి, నవ్వుతూ నిండు గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎవరి తరఫునా కాకుండా, నా కోసమే తాగాను.