హనుమంతు ఇంటికి ఐదు స్టార్లు

రొద్దం నుంచి పెనుకొండ పోయే రోడ్డు పక్కన, తన మల్బరీ తోట కొసన, హనుమంతు కొత్త ఇల్లు కట్టుకున్నాడు. అరవై ఏండ్ల రైతు. ముప్పై ఏండ్లుగా పట్టుపురుగులు పెంచుతున్నాడని ఊరంతా అంటారు గానీ, పెంచేది భార్య ఓబులమ్మ. ఆయన ఆకు కోసుకొచ్చి పడేసేవాడు, పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్టుకు తీసుకుపోయేవాడు, అక్కడ నలుగురితో మాట్లాడి వచ్చేవాడు. మాట్లాడడం ఆయనకు ఇష్టం. ఏ వస్తువైనా పక్కవాళ్లదానికంటే ఒకటెక్కువ ఉన్నది కొనడం ఇంకా ఇష్టం. అందరి దగ్గరా మూడు బ్యాటరీల టార్చి ఉన్న రోజుల్లో ఆయన ఐదు బ్యాటరీలది తెచ్చి, చెయ్యి నొప్పి పుట్టి, దాన్ని భుజాన తువ్వాలులో కట్టుకుని తిరిగేవాడు.

కొత్త ఇంటికి ఫ్రిజ్జు కొనడానికి ఇద్దరూ హిందూపురం పోయినారు. షాపులో సేల్స్‌మన్ ఫ్రిజ్జు తలుపు మీది స్టిక్కరు చూపించి, స్టార్లు ఎక్కువుంటే కరెంటు తక్కువ కాలుతుందని చెప్పినాడు. ఆ మాట పూర్తికాకముందే హనుమంతు ఐదు స్టార్లున్న, తనకంటే పొడుగైన రెండు తలుపుల ఫ్రిజ్జు పక్కన పోయి నిలబడ్డాడు. ఓబులమ్మ స్టార్ల వైపు చూడలేదు. ఆమె చదివింది ఐదో తరగతే అయినా, పురుగుల గుడ్ల కార్డు మీద తేదీ, అంకెలు చూడకుండా ఏనాడూ ఇంటికి తెచ్చింది లేదు. ఆ అలవాటుతోనే స్టిక్కరు మీద ఉన్న అంకెను చూపించి, ఇదేమని అడిగింది. ఏడాదికి కాలే యూనిట్లన్నాడు సేల్స్‌మన్. పెద్ద ఫ్రిజ్జుకు రెండు వందల ముప్పై. పక్కనున్న చిన్న మూడు స్టార్లదానికి నూట డెబ్భై.

“అంటే మూడు స్టార్లదే తక్కువ కాలుస్తాది కదప్పా,” అంది.

అతనికి ఒప్పుకోక తప్పలేదు. స్టార్లను ఒకే రకం, ఒకే సైజు వాటి మధ్యనే పోల్చాలన్నాడు. ఆ స్టార్లు ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకానో కూడా స్టిక్కరు మీదే ఉంటుందని, కొన్నేండ్లకొకసారి లెక్క గట్టి చేస్తారు కాబట్టి పాత ఐదు స్టార్లు కొత్త లెక్కలో నాలుగే కావచ్చని వివరంగా చెప్పినాడు. ఓబులమ్మ అంతా విని, ఇంట్లో ఉండేది ఇద్దరమే కదా అని చిన్నదాని మీద చెయ్యి వేసింది. హనుమంతు పెద్దదే ట్రాక్టరుకెక్కించినాడు. వచ్చిన ప్రతివాళ్లకూ ఆ స్టిక్కరు చూపించేవాడు. తలుపు తీస్తే లోపల ఒక పాలగిన్నె, నాలుగు నిమ్మకాయలు ఉండేవి.

ఈ సంగతి విని, హిందూపురంలో ఉద్యోగం చేసే కూతురు హరిత ఫోన్లో నవ్వింది. ఇప్పుడు ఇండ్లకు కూడా అట్లాంటి స్టార్లున్నాయని చెప్పింది. గోడలు, పైకప్పు, కిటికీలు ఎండ వేడిని ఎంత లోపలికి రానిస్తాయో, గాలి ఎట్లా ఆడుతుందో సర్కారువాళ్లు లెక్క కట్టి ఇస్తారని, దానికి ప్లానుతో సహా అర్జీ పెట్టుకోవాలని కూడా చెప్పింది. ఆ రెండో ముక్క హనుమంతు చెవిన పడలేదు. ఆ సమయానికి పెయింటరు గిరి నిచ్చెన మీదుండి ముందు గోడకు రంగు వేస్తున్నాడు. మరుసటి రోజు సాయంత్రానికి, రోడ్డు మీదికి కనపడేట్టు, పిట్టగోడ మీద బంగారు రంగులో ఐదు స్టార్లు వెలిసినాయి.

ఇంట్లో మాత్రం ఉండలేకపోయినారు. బెంగళూరులో ఎక్కడో చూసి వచ్చి హనుమంతు పడమటి గోడంతా అద్దం పెట్టించినాడు. చుట్టూ ఒక చెట్టు నీడ లేదు. ఏప్రిల్ వచ్చేసరికి మధ్యాహ్నం సోఫా మీద కూర్చున్నవాళ్లు వెంటనే లేచి నిలబడేవాళ్లు. ఓబులమ్మ అన్నం తినగానే చాప తీసుకుని పురుగుల షెడ్డులోకి పోయేది. పైన గడ్డి కప్పు, పక్కల తడిపిన గోనెసంచులు, చుట్టూ కానుగ చెట్లు. వారం తిరగకుండానే హనుమంతు కూడా దిండు చంకలో పెట్టుకుని ఆమె వెనకే పోవడం మొదలుపెట్టినాడు. పురుగులకు కాపలా అని చెప్పుకునేవాడు.

ఒక రోజు మడకశిర వైపు పెండ్లికి పోతున్న జీపు ఇంటి ముందు ఆగింది. పదిమంది దిగినారు. అందులో పెద్దాయన హనుమంతును చూసి, రూములుండాయా అని అడిగినాడు. ఇది లాడ్జి కాదని చెప్తే, మరి స్టార్లెందుకన్నాడు. హనుమంతు ఇంటి మర్యాద పోనీయకుండా అందరినీ హాల్లో కూర్చోబెట్టి, పెద్ద ఫ్రిజ్జులోంచి నీళ్లు తెప్పించినాడు. ఆ వచ్చినవాళ్లు నీళ్లు తాగి, చెమట తుడుచుకుని లేచినారు. పోతూ పోతూ పెద్దాయన అన్నాడు:

“ఏమీ అనుకోవద్దు, దీనికి ఒక స్టారు కూడా ఎక్కువే.”

లాడ్జి అనుకున్నందుకు రాని కోపం ఆ మాటకు వచ్చింది హనుమంతుకు. కోపమంతా భార్య ముందు చెప్పుకున్నాడు. ఆమె షెడ్డులో మేకుకు తగిలించి ఉన్న థర్మామీటరు తెచ్చి హాల్లో గోడకు పెట్టింది. షెడ్డులో ఇరవై ఎనిమిది డిగ్రీలు చూపించినది, గంట తిరగకుండా ముప్పై తొమ్మిదికి పోయింది.

“ఈ హాల్లో పురుగులను పెడితే పొద్దు గూకేలోపల ఒక్కటి మిగలదు,” అంది.

“మనం పురుగులమా?” అన్నాడు.

“వాటికి ఎండాకాలం ముందే అన్నీ చేసిపెడతాం. మనకెందుకు చేసుకోకూడదు?”

 హనుమంతు రెండు రోజులు హాల్లోకి పోయి థర్మామీటరు చూసి వచ్చి, మూడో రోజు గిరిని, ఇల్లు కట్టిన మేస్త్రీని పిలిపించినాడు. ఓబులమ్మ ఎట్లా చెప్తే అట్లా పని జరిగింది. మిద్దె పైన తెల్లగా సున్నం కొట్టినారు. పడమటి అద్దానికి బయట పందిరి వేసి తడికలు కట్టినారు. గాలి అటునుంచి ఇటు పోవడానికి ఉత్తరం గోడలో కొత్త కిటికీ తెరిచినారు. మే మొదటి వారంలో అదే మధ్యాహ్నం వేళకు హాల్లో థర్మామీటరు ముప్పై మూడు దగ్గర ఆగింది. హనుమంతు కండ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చూసి, ముప్పై రెండున్నర అని పైకి చదివినాడు.

మిగిలింది పిట్టగోడ. స్టార్లు చెరిపేయమని ఓబులమ్మ, ఉండనిమ్మని ఆయన. చివరికి హరిత వచ్చి, ఎవరికివాళ్లు వేసుకుంటే స్టార్లు కావు నాయనా, అర్జీ పెడదామని నచ్చజెప్పింది. గిరి నిచ్చెనెక్కి ఒక్కొక్కటీ తుడిచేస్తుంటే హనుమంతు అటు చూడలేక తోటలోకి పోయినాడు.

అర్జీ పోయింది, జవాబు ఇంకా రాలేదు. ఈలోపల పక్క పొలం రమేష్ ఇల్లు కట్టుకోవాలని భూమిపూజకు హనుమంతును పిలిచినాడు. అయ్యవారు టెంకాయ కొట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. అప్పుడు చూస్తే హనుమంతు లేడు. స్థలం చివర చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, పొద్దు వాలే దిక్కు కొలుస్తూ నిలబడి ఉన్నాడు. రమేష్ పిలిస్తే, వస్తాండా ఉండప్పా, ముందు ఈ పక్క కిటికీ ఎంత పెడ్తాండావో చెప్పు అన్నాడు.