బకెట్ అడుగున మిగిలిన మట్టి

మా బాపు జీవితమంతా పరకాల చుట్టుపక్కల ఊళ్లలో బోర్లు వేశాడు. అన్ని బోర్లు వేసినా, భూమి లోపలి రాయిని ఒక్కసారీ ముక్కగా చూడలేదు. బోరు బండి రాయిని పొడి చేసి పైకి ఊదుతుంది. దిగిన రాడ్డుకొక కుప్ప చొప్పున ఆ పొడిని వరసగా పోయించి, చిటికెడు పళ్ల మధ్య నూరి, కింద ఏముందో చెప్పేవాడు.

నేను హనుమకొండలో కాలేజీలో రాళ్లు పరీక్షించే ల్యాబులో చేరాక ఆయనది ఒకటే పాట. "బిడ్డా, పొడి గాని రాయి నాకొక్కపారి సూపియ్యే."

మా దగ్గరికి వచ్చేవి అట్లాంటి రాళ్లే. పడమటి కొండల్లో, ఇప్పటికీ భూమి కదులుతున్న చోట, లోతుగా తొలిచి తీసినవి. రోకలిబండల్లా గుండ్రంగా, పొడుగ్గా పెట్టెల్లో వరసగా ఉంటాయి. వచ్చే వారం, వచ్చే వారం అంటూ రెండేళ్లు దాటవేశాను. ఒట్టి బద్ధకం. తలుచుకుంటే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

చివరికి ఒక శనివారం వస్తున్నానని ఫోన్ చేశాడు. పొద్దున్నే కొత్త పెట్టె తెరిస్తే రాళ్లన్నీ బురద. ఇంటికి చుట్టం వస్తున్నాడంటే వాకిలి కడగకుండా ఉంటామా? బకెట్ నిండా నీళ్లు తెచ్చి, బ్రష్షుతో రుద్ది రుద్ది తళతళలాడించాను.

బాపు ఇస్త్రీ అంగీ వేసుకుని వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. రాయి మీద అరచేయి పెట్టి, ఆ వరస వెంట మెల్లగా జరుపుతూ పోయాడు. తర్వాత రెండు ముక్కల మధ్య జానెడు ఖాళీ దగ్గర ఆ చేయి ఆగింది.

"గీడ ఏముండె?"

"మట్టి బాపూ. కడిగిన."

"కడిగినవా! సదవేస్తె ఉన్న మతి పోయిందట. రాడ్డు మెత్తగ దిగిన కాడనే గదనే మేం ఆగి సూసేది!"

అప్పుడు తట్టింది నాకు. భూమి కదిలినప్పుడు పగులుకు రెండు వైపులా రాయి ఒరుసుకుని నలిగిన పిండి అది. ఆ పగులు ఎట్లా జారుతోందో చెప్పేది అదే. ఆ పెట్టె తెప్పించిందే దానికోసం. ఏడుపొచ్చేసింది.

"ఊకో, జర ఊకో. నీళ్లు పారబోసినవా?"

బకెట్ ఇంకా మూలనే ఉంది. బాపు అంగీ చేతులు మడిచి, నీళ్లు మెల్లగా వంపి, అడుగున మిగిలిన బురద చిటికెడు తీసి పళ్ల మధ్య నూరాడు.

"పిండోలె ఉన్నది బిడ్డా. రాయి శాన ఒర్సుకున్నది," అన్నాడు. ఎంత సంబరమో ఆ ముఖంలో!

అన్ని రాళ్ల మట్టీ కలిసిపోయింది కాబట్టి ఆ బురద పరీక్షకు పనికిరాదు. మా సారు చెడామడా తిట్టి పారేయమన్నారు. నేను ఎండబెట్టి పొట్లం కట్టాను. బాపు ఆ వానాకాలమే పోయాడు.

ఇప్పుడు కొత్త పెట్టె వస్తే కడగను. మూత తీసి కాసేపు ఊరికే నిలబడతాను. గుమ్మం బయట చెప్పులు విడిచిన చప్పుడు ఒక్కసారి వినాలని ఎంత ఉంటుందో! మొన్న అల్మారా సర్దుతుంటే ఆ పొట్లం దొరికింది. లేబుల్ ఖాళీగా ఉంది. లోతు అన్నచోట 'తెలియదు' అని రాశాను. పరీక్షించినవారు అన్నచోట 'బాపు' అని రాశాను.