వంతెన మీద వదిలిన సాక్షి

బడికి నేను పోయింది రెండో తరగతి దాకానే. మట్టిపనికి పోయింది ముప్పై ఏళ్ళు. నాకు తెలిసిన లెక్కాపత్రమంతా మట్టిపనిలో నేర్చుకున్నదే.

గుంత తవ్వేటప్పుడు నడుమ ఒక మట్టిదిమ్మెను తవ్వకుండా నిలబెడతాం. కొలత తీసే సారు వచ్చి ఆ దిమ్మె ఎత్తు చూసి, ఎంత లోతు తవ్వామో రాసుకుంటాడు. దాన్ని మేము సాక్షి అంటాం. ఒకసారి నాగర్‌కర్నూల్ దిక్కు కాలువ పనిలో పెద్దవాన పడి మా సాక్షి కూలిపోయింది. ఎంత తవ్వామో చూపించడానికి ఏమీ మిగలలేదు. సగం పని నీళ్ళలో పోయినట్టే అయింది. ఆనాటి నుంచి సాక్షి లేని పనిని నేను నమ్మలేదు.

పాంబన్ దగ్గర సముద్రం మీది రైలు వంతెనకు చిన్న పట్టాలు తీసి పెద్ద పట్టాలు వేస్తున్న కాలం అది. వనపర్తి దిక్కు మేస్త్రి ఒకడు మానవపాడు చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి గుంపును కట్టాడు. రంగు వేయడానికి ముందు ఇనుముకు పట్టిన తుప్పు గీకే పని. నేను, కొడుకు, కోడలు, చంటిపిల్లవాడు బయలుదేరాం. మనుమరాలు ఏడో తరగతి. ఊళ్ళో ఉంచితే చుట్టాలింటికి ఆమె తిండి గింజలు వేరే ఇయ్యాలి. వెంట వస్తే పిల్లవాణ్ణి చూసుకుంటుంది, మాతోపాటే తింటుంది. తీసుకుపోదామన్నది నేనే. పెద్ద పరీక్షల నాటికి తప్పకుండా తెస్తానని పంతులుకు మాట ఇచ్చింది కూడా నేనే.

వంతెన నడుమ రెండు ఇనుప రెక్కలున్నాయి. ఓడ వస్తే రెండూ విడిపోయి పైకి లేస్తాయి. కరెంటుతో కాదు. రెండు దిక్కులా మనుషులు నిలబడి ఇనుప కడ్డీలు తోస్తూ తిప్పాలి. మొదటిసారి చూసినప్పుడు కోడలు నోరు తెరిచి నిలబడింది. ఇంత పాతది ఇంకా తిరుగుతున్నదంటే దీన్ని ఎవరో జాగ్రత్తగా వాడుకున్నారు అనుకున్నాను నేను. ఆ రెక్కలను పారేయకుండా, వాటికే బలం కట్టి పెద్ద రైళ్ళకు నిలబెట్టాలని పెద్ద సార్లు అనుకున్నారట. అది నాకు నచ్చింది. చిరిగిన చీరను బొంతకు వాడేదాన్ని నేను.

పని మాత్రం నచ్చలేదు. కాళ్ళ కింద పలక, పలక కింద సముద్రం. ఏ దిక్కు చూసినా నీళ్ళే, తాగే నీళ్ళు మాత్రం డ్రమ్ములో వచ్చేదాకా లేవు. గాలి పెరిగితే పని ఆపి, రేకుల షెడ్డులో ముడుచుకుని కూర్చోవాలి. చుట్టూ వినబడే మాట ఒక్కటీ అర్థం కాదు. తిరుగు టికెట్లు, కూలి రెండూ మేస్త్రి చేతిలో ఉన్నాయి. మనుమరాలు తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని సైన్సు పుస్తకం పైకి చదివేది. ఉప్పుగాలికి పుస్తకం ఉబ్బి మూసుకోవడం మానేసింది.

మొదటి రోజే గుంపుకు చెప్పాను, ఒక్కో ఇనుప దూలం మీద అరచేయంత చోటు గీకకుండా వదలండి అని. గుంపులో నా మాట కాదన్నవాళ్ళు లేరు.

పని అయిపోయింది, ఇక మూటలు కట్టుకోవచ్చు అనుకున్న రోజున తనిఖీ సారు వచ్చాడు. వదిలిన మచ్చలు ఒక్కొక్కటే వేలితో చూపించాడు. మేస్త్రి ముఖం నల్లబడింది.

"ఏంది పెద్దమ్మా ఇది? గీకమంటే గోడకు పిడకలు కొట్టినట్టు మచ్చలు ఇడిసిండ్రు?"

"సాక్షి అది. సారు కొలత తీసుకున్నంక గీకుతం."

"ఓ తల్లీ! ఇది గుంత గాదు, వంతెన. మొత్తం గీకితేనే పాసు. పాసయ్యేదాకా ఒక్కరు కదలరాదు."

నిలబడి గీకే మంచెలు అప్పటికే విప్పేశారు. మళ్ళీ ఒక్కో చోటా కట్టాలి. ఎంత తొందరపడ్డా పరీక్షలు దాటిపోతాయి. ఆ రోజు షెడ్డులో మనుమరాలు ఉబ్బిన పుస్తకాన్ని నేల మీద పెట్టింది. దాని మీద రాయి పెట్టి అణచింది, అంతే.

మరునాడు మేము రెక్క మీద ఉండగానే ఓడ వస్తుందని కేకలు వేశారు. మమ్మల్ని వెనక్కి తోశారు. కోడలు అవతలి దిక్కున ఉండిపోయింది. మేస్త్రి, సారు, నేను ఇవతల. రెక్కలు లేచాయి. నడుమ ఖాళీ. ఇక దిగేదాకా ఎటూ పోలేము.

సారు ఊరికే ఉండలేక నేను వదిలిన ఒక మచ్చను చాకుమొనతో లేపాడు. ఎర్రటి పొడి రాలింది. దాని కింద ఇనుము పుచ్చిన పన్నులా ఉంది.

"గీకిన కాడ రంగు పడ్తదంట," అన్నాడు మేస్త్రి, సారు మాటను నాకు చెబుతూ. "ఇడిసిన కాడ ఉప్పు లోపల్లోపల్నే తింటదంట. పైకి కనిపియ్యదంట."

మా రేకుపెట్టె అడుగు అట్లాగే పోయింది. పైన కొత్తగా రంగు వేయించి మురిసిన సంవత్సరమే.

"తప్పు నాదే, మేస్త్రీ. నేను జెప్తెనే ఇడిసిండ్రు."

"ఇప్పుడు ఒప్పుకుంటే ఏం లాభం?"

"పరీక్షలున్నయ్, పిల్లను, దాని తల్లిని ఇంటికి తోలు. నేను, నా కొడుకు ఉంటం. వాళ్ళ వంతు గూడ నేనే గీకుత."

మేస్త్రి నవ్వాడు. "ఈ వయసుల నీకు ఆడికి చెయ్యి అందుతదా?"

"మంచె సక్కగ కట్టు. అందేది అందనిది నేను చూస్కుంట."

సారు ఏమిటని అడిగాడు. మేస్త్రి చెప్పాడు. సారు నా వైపు చూసి, వేళ్ళతో గాలిలో రాసినట్టు చేసి, పరీక్షా అన్నట్టు కనుబొమ్మలెత్తాడు. తల ఊపాను. ఆయన మేస్త్రితో గట్టిగా ఏదో అన్నాడు. మేస్త్రి జేబులో చెయ్యి పెట్టి టికెట్ల కాగితం తీశాడు.

రెక్కలు దిగడానికి ఎంత సేపు పట్టిందో చెప్పలేను. అవతల కోడలు నా ముఖం చూసి ఏమైందోనని చేతులు ఊపుతున్నది. ఎంత అరిచినా గాలి మాటను నిలవనియ్యలేదు.

వాళ్ళు వెళ్ళాక ఒక్కో మచ్చా గీకాను. ఎండకు మెడ మీద తోలు ఊడింది. చేరారో లేదో తెల్వదు. ఫోను చేయమని కొడుకు రోజూ పోరుపెట్టేవాడు. చేస్తే మాత్రం పిల్ల పరీక్ష నేను రాస్తానా అని కసిరేదాన్ని. నిజానికి వినడానికి భయం.

చివరి మచ్చ పాసైన రోజున ఫోను బూతుకు పోయి పక్కింటి నంబరు కలిపించాను. పిల్ల పరుగెత్తుకొచ్చింది.

"రాసినవా?"

"రాసిన అవ్వా. అన్ని పరీక్షలు రాసిన. లెక్కలల్ల ఒక్కటి ఇడిసిన."

"ఎందుకు ఇడిసినవ్?" గద్దించాను.

అవతల నవ్వు వినబడింది. "సాక్షికి."

బిల్లు మిషను మీద ఎర్ర అంకెలు తిరుగుతున్నాయి. అయినా కొంచెం సేపు ఫోను పెట్టలేదు.