నా గుండెలో ఎర్ర మచ్చ

ఆ మధ్యాహ్నం దోమ అనే ఊరి చెరువు దగ్గర గొర్రెలకు నీళ్లు తాపుతున్నాను. గుండె ఒక్కసారిగా దడదడ కొట్టుకుంది. చెమటలు పట్టి, కళ్లు బైర్లు కమ్మి గట్టు మీద కూలబడ్డాను. మూడేళ్ల కిందటే హార్ట్ అటాక్ వచ్చి స్టెంట్ వేయించుకున్నవాణ్ని, నేరుగా ఆసుపత్రికి పోవాల్సింది. కానీ మేము గొర్రెల కాపరులం. జీవానికి రోగమొస్తే ఇనుము కాల్చి వాత పెడతాం, ఒక్కోసారి మనిషికి కూడా.

మా అన్న సాయన్న నా ఛాతీ మీద వాత పెట్టాడు. కాసేపటికి దడ ఆగింది.

"సూసినవా తమ్మీ! డాక్టర్లకేం దెలుస్తది?" అన్నాడు.

దడ దానంతటదే ఆగిందని నాకప్పుడు తెలియదు. ఇరవై రోజులు ఆ వాతను చూసుకుని మురిసిపోయాను. ఇంతకంటే తెలివితక్కువ పని నా జన్మలో చేయలేదు.

ఆ తర్వాత తాండూరు సంతలో పడిపోయాను. నా భార్య అంజమ్మ ఆటోలో ఆసుపత్రికి చేర్చింది. ఈసీజీలో వీటీ అనే ప్రాణాంతకమైన దడ కనిపించి, గుండెకు కరెంటు షాక్ ఇచ్చారట. "పాత అటాక్‌లో గుండె కండ కొంత చచ్చిపోయి స్కార్, అంటే మచ్చ అయింది. గుండెను కొట్టించే కరెంటు అక్కడ దారి తప్పుతోంది" అని చెప్పి హైదరాబాద్ పంపారు.

అక్కడి డాక్టరమ్మ, "తొడ నుంచి గుండెలోకి వైరు పంపి, స్కార్ దగ్గర కాలుస్తం. అబ్లేషన్ అంటరు" అంది. నేను లేచి నిలబడ్డాను.

"ఒకపారి కాల్పిచ్చుకున్న మేడం, గది సాలు" అని చొక్కా గుండీలు విప్పి చూపించాను.

నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "ఏడ కాల్చాల్నో మీ అన్న ఎట్ల చూసిండు?" అని అడిగింది. నేను గుండీలు మళ్లీ పెట్టుకున్నాను.

కంప్యూటర్‌లో వేరే పేషెంట్ గుండె బొమ్మ పెట్టింది. "ఇది మ్యాపింగ్. వైరు కొసను గుండె లోపల ఒక్కో చోట ఆనించి కరెంటు కొలుస్తం. బాగున్న కండ ఊదా రంగు, చచ్చినది ఎరుపు. చూసినంకనే కాలుస్తం."

అంజమ్మ నా చెయ్యి గుంజింది. "కూసో జర. నువ్వు లేకుంటే నేనేం జేసుకుంట బతకాలె?"

సంతకం పెట్టాను.

మొదటిసారితో పని కాలేదు. మూడో రోజు వార్డులోనే దడ మళ్లీ వచ్చింది. ఇక నా పని అయిపోయిందని ఏడ్చాను కూడా. రెండోసారి మ్యాపింగ్ చేస్తుండగా, సగం మత్తులో, "కరెంటు తప్పిపోయే ఇంకో దారి ఇక్కడుంది" అని డాక్టరమ్మ అనడం వినిపించింది. తర్వాత నా గుండె బొమ్మ నాకే చూపించింది. ఊదా రంగు మధ్య ఎర్ర మచ్చ, దాని అంచున కాల్చిన చోట్లకు గుర్తుగా చుక్కలు. ముందుజాగ్రత్తగా భుజం కింద ఐసీడీ, అంటే దడ వస్తే షాక్ ఇచ్చి ఆపే చిన్న యంత్రం కూడా పెట్టారు.

ఏడాది దాటింది. దడ మళ్లీ రాలేదు. డాక్టరమ్మ సరేనన్నాకే మంద వెంట పోతున్నాను. మాత్రలు మానలేదు, వికారాబాద్‌లో చెకప్ ఎగ్గొట్టలేదు.

మీకు చెప్పేది ఒక్కటే. గుండె దడ వస్తే, అది ఉండగానే ఈసీజీ తీయించుకోండి. ఆసుపత్రి దారిలో తగ్గినా వెనక్కి తిరగకండి. తర్వాతిసారి ఆగేది దడ ఒక్కటే కాకపోవచ్చు.