పందిపిల్లలకు బాలింత కాయం

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. అన్నం తినేసి ఉంటేనే వినండి. ఇంకా తినకపోతే ముందు తిని రండి, నేను ఆగుతాను.

బొబ్బిలి అవతల మా పాకలో ఆడపంది ఎనిమిది పిల్లల్ని ఈనింది. పాలు మాన్పించిన మూడో రోజునుంచి వాటికి విరేచనాలు పట్టుకున్నాయి. పచ్చగా, నురగతో, గోడ మీదికి చిమ్మేవి. తోకలు అట్టలు కట్టి ఈగలు ముసిరేవి. ఆ కంపు నా జుట్టులోకి ఎక్కి తలంటుకున్నా పోలేదు. రెండు పిల్లలు చచ్చాయి. మిగిలిన ఆరూ దక్కకపోతే మా మంద అక్కడితో ఆఖరు.

పశువుల డాక్టరమ్మ వచ్చి ఒక పొడి ఇచ్చింది. వాము, వెల్లుల్లి, పసుపు, ఇంకేవో ఆకులు, అన్నీ మొక్కలవే. దాంతో పేగులు కుదుటపడతాయట. ఉడికించి చల్లార్చిన తవుడులో, బకెట్టుకి ఒక్క చెంచా కలపమంది.

మా అత్త పొట్లం విప్పి వాసన చూసింది. మా వైపు బాలింతకు వాము, వెల్లుల్లి, పిప్పళ్లు బెల్లంతో నూరి కాయమని పెడతారు.

"ఏటే, ఇది మన కాయమే కదే. నీ పురిట్లో నువ్వు నిమ్మకాయంత ముద్ద తినీదానివి. సెంచాతో ఏటవుతాది?"

"డాక్టరమ్మ సెంచానే అన్నాది అత్తా."

"ఆవిడ ఎన్ని పురుళ్లు పోసిందేటి?"

నేను నోరు మూసుకున్నాను. ఆ తప్పు నాదే. అత్త ఇంట్లో కాయం కూడా నూరి, హోటలు నుంచి తెచ్చిన ఎంగిలి కుడితిలో ఆ పొడితో పాటు గుప్పెళ్లతో కలిపింది. పిల్లలు మూతి పెట్టి, తుమ్మి, వెనక్కి పోయాయి. తినలేదని పాతదాని మీదే కొత్తది పోసింది. అలా రెండు రోజులు. ఒక పిల్ల నీరసించి చచ్చిపోయింది.

మూడో రోజు నేను తొట్టిలో చెయ్యి పెట్టాను. పైన కమ్మగా మా ఇంటి వాము చారు వాసన. కింద జిగురు కట్టిన అన్నం, ఎవరో నమిలి ఊసిన ములక్కాడ తొక్కలు, వాటి నిండా తెల్లటి పురుగులు. ఆ కాయమంతా తిని బలిసింది అవే. అక్కడే వాంతి చేసుకున్నాను. పక్క దొడ్లోంచి తల్లిపంది మూతి చాపి అదంతా నాకేసింది.

మా ఆయన అన్నాడు, "అమ్మా, పంది నీ కోడలు కక్కింది తిన్నాది గానీ నీ కాయం ముట్టనేదు."

అత్త తొట్టి తనే బోర్లించి, కొబ్బరి చిప్పతో గీకి, సున్నం పూసి ఎండబెట్టింది. నేను తవుడు ఉడికించాను. చల్లారాక అత్త చెంచా నిండా పొడి తీసి, వేలితో పైన సమం చేసి మరీ వేసింది. పిల్లలు అడుగు దాకా నాకాయి. నాలుగు రోజులకు పెంట గట్టిపడింది. అత్తా నేనూ ముక్కులు మూసుకుని, వంగి చూసి మరీ నమ్మాం.

ఐదూ దక్కాయి. నేను మాత్రం ఇప్పటికీ వాము చారు ముట్టను.

మీ ఇంట పసివాళ్ల పొట్టలు చల్లగా ఉండాలి. పెద్దవాళ్లకు తిన్నది ఒంటబట్టాలి. మీ గుమ్మంలో ఏ నోరూ ఆకలితో వెనక్కి తిరగకూడదు తల్లీ.